వేంగి రాజు గుణగ విజయాదిత్యుడు రాష్ట్రకూటులను నిజంగా ఓడించాడా?

గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు తెలుగు పద్యంలో వేయించిన అద్దంకి శాసనం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆ రాజు గురించి రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. దక్షిణాదిలో అతనికి ఎదురే లేదని, రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటాన్ని తగలబెట్టి వచ్చిన మహావీరుడని ఒక వర్గం అంటుంది. అతను రాష్ట్రకూటులకు లొంగి బతికిన సామంతుడే, మిగతావన్నీ కవుల గొప్పలని ఇంకో వర్గం కొట్టిపారేస్తుంది. రెండు వైపుల వాళ్లూ శాసనాలే చూపిస్తారు, పైగా ఆ శాసనాలు దొంగవీ కావు. నలభై నాలుగేళ్లు వేంగిని ఏలిన రాజు గురించి ఇంత విరుద్ధమైన కథలు ఎలా పుట్టాయో తెలియాలంటే, ఏ శాసనం ఎవరు రాయించారు, ఎప్పుడు రాయించారు అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇంతమంది విజయాదిత్యుల్లో ఇతనెవరు?

తూర్పు చాళుక్యులు బాదామి చాళుక్యులకు దాయాదులు. రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు ఏడో శతాబ్దంలో వేంగిలో ఈ శాఖను మొదలుపెట్టాడు. ఏలూరు పక్కనున్న నేటి పెదవేగే ఆనాటి వేంగి. ఈ వంశంలో విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అనే పేర్లు ఒకదాని తర్వాత ఒకటి తిరిగి తిరిగి వస్తాయి. అందుకే చరిత్రకారులు వాళ్లకు నంబర్లు వేశారు.

మనం మాట్లాడుకునేది మూడో విజయాదిత్యుడి గురించి. గుణగ అనేది బిరుదు. ఇతని తాత రెండో విజయాదిత్యుడు, అంటే నరేంద్ర మృగరాజు. మైసూరు ప్రాంతపు గంగులతో, రట్టులతో పన్నెండేళ్లలో 108 యుద్ధాలు చేసి, అన్ని శివాలయాలు కట్టించాడని చెప్పేది ఆ తాత గురించి. సోషల్ మీడియాలో ఈ 108 యుద్ధాలను మనవడి ఖాతాలో వేయడం తరచూ కనిపిస్తుంది. తండ్రి కలి విష్ణువర్ధనుడు మాత్రం ఏడాదిన్నర పాలించాడంతే. రట్టులంటే రాష్ట్రకూటులే. వేంగి శాసనాలు వాళ్లను అలాగే పిలుస్తాయి.

ఆ రాష్ట్రకూటులు మామూలు శత్రువులు కారు. ఎనిమిదో శతాబ్దం నడిమిలో బాదామి చాళుక్యులను కూలదోసింది వాళ్లే. అప్పటి నుంచి తూర్పున మిగిలిన ఈ చాళుక్య శాఖ వాళ్లకు కంట్లో నలుసు. గుణగుడి కాలంలో అక్కడ రాజు అమోఘవర్షుడు. 814 నుంచి సుమారు 878 దాకా సింహాసనం మీద ఉన్నాడు. వల్లభరాజు అనే రాష్ట్రకూట బిరుదును అరబ్ వర్తకులు బల్హరా అని పలికేవారు. ప్రపంచంలోని నలుగురు పెద్ద రాజుల్లో ఆయనొకడని రాసుకున్నారు.

రాయి, రాగి, ప్రశస్తి

ఆనాటి చరిత్రకు మనకున్న ప్రధాన ఆధారం శాసనాలు. రాతి మీద చెక్కితే శిలాశాసనం. అది సాధారణంగా దానం ఇచ్చిన చోటే నిలబడి ఉంటుంది, స్థానిక భాషలో ఉండే అవకాశం ఎక్కువ. రాగిరేకుల మీద చెక్కింది తామ్రశాసనం. అది దానం పుచ్చుకున్నవాడి ఇంట్లో భద్రంగా ఉండే పత్రం. భూమి ఎవరికి ఇచ్చారు, హద్దులేమిటి అన్నది అందులో అసలు విషయం. అయితే దానికి ముందు రాజుగారి వంశావళి, పూర్వీకుల ఘనకార్యాలు సంస్కృత శ్లోకాల్లో వస్తాయి. ఆ భాగాన్నే ప్రశస్తి అంటారు. పెళ్లిపత్రికలో తాతముత్తాతల పేర్లు, హోదాలు వేసుకున్నట్టే ఇదీ. అబద్ధం కానక్కర్లేదు, కానీ పరువు తక్కువ సంగతులు అందులో ఎవరూ వేసుకోరు.

గుణగుడి యుద్ధాల గురించి అందరూ ఎక్కువగా ఉటంకించే శ్లోకం అతని సొంత శాసనంలోది కాదు, మొదటి అమ్మరాజు తామ్రశాసనంలోది. అమ్మరాజు 922లో గద్దెనెక్కాడు. అంటే గుణగుడు పోయిన ముప్పై ఏళ్ల తర్వాతి మాట అది. యుద్ధాలు చూసినవాళ్లలో చాలామంది అప్పటికి బతికి ఉండకపోవచ్చు. కానీ వాళ్ల పిల్లలు ఉంటారు కదా. కాబట్టి పూర్తిగా కల్పన అనడానికీ లేదు, కళ్లారా చూసిన సాక్ష్యం అనడానికీ లేదు.

848 అనే సంవత్సరం ఎలా తేలింది?

అద్దంకి శాసనం సా.శ. 848 నాటిదని పుస్తకాల్లో చదువుతాం. ఆ రాయి మీద 848 అని గానీ, దానికి సరిపడే శక సంవత్సరం గానీ ఉండదు. పద్యంలో రాజు పేరు కూడా లేదు. ఉన్నది ‘పట్టంబు గట్టిన ప్రథమంబు నేణ్డు’ అనే మాట. అంటే పట్టాభిషేకం జరిగిన మొదటి ఏడు. మరి 848 ఎక్కడి నుంచి వచ్చింది?

గుణగుడి తర్వాత రాజైనవాడు అతని తమ్ముడి కొడుకు చాళుక్య భీముడు. ఆ భీముడు చల్లవ అనే సంగీత విద్వాంసురాలికి అత్తిలిలో పోకచెట్లు, పొలం దానమిచ్చిన తామ్రశాసనం దొరికింది. అందులో భీముడి పట్టాభిషేకం శక సంవత్సరం 814లో జరిగిందని తిథి, వారంతో సహా ఉంది. శక సంవత్సరానికి 78 కలిపితే సా.శ. సంవత్సరం వస్తుంది. 814కు 78 కలిపితే 892. తిథిని బట్టి లెక్కకట్టిన పండితులు 892 ఏప్రిల్ 17 అని తేల్చారు. వేంగి రాజుల వరసంతా నిలబడింది ఇలాంటి కొద్దిపాటి తేదీల మీదే. ఒక గాయనికిచ్చిన పోకతోట పత్రం అంత పని చేసింది.

తర్వాతి రాజుల శాసనాలు వరసగా ఎవరు ఎన్నేళ్లు ఏలారో చెబుతాయి. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, ఇంద్ర భట్టారకుడు ఏడు రోజులు (అవును, ఏడు రోజులే), కలి విష్ణువర్ధనుడు ఏడాదిన్నర, గుణగుడు 44 ఏళ్లు. ఇప్పుడు వెనక్కి లెక్కపెడితే 892లో 44 తీసేస్తే 848. గుణగుడికి పట్టం కట్టిన ఏడు అది. పండరంగడు గుణగుడి సేనాని అని వేరే శాసనాల వల్ల తెలుస్తుంది కాబట్టి, అద్దంకి రాయి మీది ‘మొదటి ఏడు’ కూడా అదే. నెలల తేడా ఉండొచ్చు గనక కొందరు 849 అంటారు. ఇద్దరిదీ ఒకే లెక్క.

మొదటి దండయాత్ర: పన్నెండు బోయ కొట్టాలు

ఒంగోలుకు దగ్గర్లోని అద్దంకిలో దొరికిన ఈ శిలాశాసనం తరువోజ ఛందస్సులో ఉంది. నన్నయ భారతానికి దాదాపు రెండు వందల ఏళ్ల ముందే తెలుగులో ఇంత పకడ్బందీగా పద్యం కట్టేవాళ్లున్నారని చూపించింది గనక సాహిత్య చరిత్రలో దీనికి పెద్దపీట. నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుడిదీ ఈ వంశమే.

అయితే పద్యంగా మురిసిపోయి అందులోని వార్తను మనం పట్టించుకోం. దాని సారాంశం ఇది. పట్టం కట్టిన మొదటి ఏడే రాజు పండరంగడికి సైన్యాధిపత్యం ఇచ్చి, సామంతులను వెంట పంపాడు. పండరంగడు పన్నెండు బోయ కొట్టాలు పట్టుకున్నాడు. కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడు. ‘కన్దుకూర్బెజవాడ గావించె’, అంటే కందుకూరును బెజవాడలా చేశాడు. పద్యం తర్వాత ఆదిత్య భటరుడికి ఇచ్చిన భూదానం వివరాలు వస్తాయి.

మ్యాపు ముందు పెట్టుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. కృష్ణకు దక్షిణాన, పెన్నా వైపు సాగే ఆ మెట్ట, కొండ ప్రాంతం బోయ నాయకుల చేతిలో ఉండేది. కొత్త రాజుకు అది పక్కలో బల్లెం. కొట్టమంటే కోటా, లేక కోట కేంద్రంగా ఉన్న చిన్న పాలనా విభాగమా అన్నదాని మీద వాదన ఉంది. పన్నెండు అనే లెక్క చెప్పడం చూస్తే రెండోదే నాకు సబబుగా అనిపిస్తుంది. కందుకూరును బెజవాడ చేయడం అంటే ఊరిని అంతటి నగరంగా పెంచాడని కొందరు, బెజవాడలాగే దక్షిణపు సరిహద్దుకు సైనిక స్థావరంగా మార్చాడని కొందరు అర్థం చెప్పారు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు.

ఇక్కడ గమనించాల్సింది, ఈ శాసనం రాజుకన్నా సేనానిని ఎక్కువ పొగుడుతుంది. దానం కూడా సేనానిదే. తెలుగులో చెక్కించింది కూడా అందుకే కావచ్చు. చదవాల్సినవాళ్లు ఆ చుట్టుపక్కల జనం, ఆ సామంతులు.

‘రట్టేశ సంచోదిత’ చుట్టూ గొడవ

అమ్మరాజు శాసనంలోని శ్లోకం ప్రకారం గుణగుడు సాటిలేని గంగులను జయించాడు, యుద్ధంలో మంగి తల నరికాడు, కృష్ణుణ్ని (రాష్ట్రకూట రాజు), సంకిలుణ్ని భయపెట్టి ఆ పురాన్ని పూర్తిగా కాల్చేశాడు. మంగి కర్ణాటక, అనంతపురం వైపు ఏలిన నొళంబ వంశపు నాయకుడని ఎక్కువమంది అంగీకరిస్తారు.

గంగుల మీదికి వెళ్లిన సందర్భంలో శ్లోకం గుణగుణ్ని ‘రట్టేశ సంచోదిత’ అంటుంది. రట్టేశుడు అంటే రాష్ట్రకూట రాజు. సంచోదితుడు అంటే ప్రేరేపించబడినవాడు, ఉసిగొల్పబడినవాడు. దీన్ని సవాలు అని తీసుకుంటే, రాష్ట్రకూటుడు కవ్వించాడు గనక ఇతను విజృంభించాడని అర్థం వస్తుంది. ఆజ్ఞ అని తీసుకుంటే, రాష్ట్రకూటుడు పంపితే అతని తరఫున వెళ్లి గంగులతో పోరాడాడని అర్థం వస్తుంది. మొదటి అర్థంలో అతను స్వతంత్రుడు, రెండో దాంట్లో సామంతుడు. ఒక్క సమాసం మీద ఒక రాజు హోదా ఆధారపడింది.

సవాలు అనేవాళ్ల తర్కం ఏమిటంటే, వంశ ప్రశస్తిలో ‘మావాడు ఫలానావాడి ఆజ్ఞ మీద వెళ్లాడు’ అని ఎవడు రాసుకుంటాడు? ఆజ్ఞ అనేవాళ్ల తర్కం దేశకాలాల మీద ఉంది. అమోఘవర్షుడు తన జీవితంలో చాలాకాలం మైసూరు ప్రాంతపు గంగులతో తలపడ్డాడు. గంగుల మీద వేంగికి అంత దూరం వెళ్లి పోరాడే సొంత అవసరం పెద్దగా కనిపించదు, రాష్ట్రకూటులకు కనిపిస్తుంది. నాకు రెండో వాదనే బలంగా తోస్తుంది. దానికి బయటి సాక్ష్యం కూడా ఉంది, కిందికి వస్తే కనబడుతుంది.

కాలింది మాన్యఖేటం కాదు

మాన్యఖేటం, అంటే కర్ణాటకలోని నేటి మళఖేడ్, గుణగుడి చేతిలో కాలిందన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించడం కష్టం కాదు. శ్లోకంలో ‘తత్పురం’, అంటే ఆ పురం, అని మాత్రమే ఉంది. కృష్ణుడి పేరు పక్కనే ఉంది. కృష్ణుడి పురం మాన్యఖేటమే కదా అని ముడిపెట్టేశారు.

కానీ వేరే శాసనాలు ఊరి పేరు సూటిగా చెబుతాయి. కిరణపురం. పండరంగడిదే అయిన ధర్మవరం శాసనం, ఇది ఆటవెలదిలో ఉంది, కిరణపురం పేరు, దహళ పేరు చెబుతుంది. దహళ అంటే నేటి జబల్‌పూర్ చుట్టుపక్కల ఉన్న చేది కలచురుల దేశం. కిరణపురాన్ని మధ్యప్రదేశ్ బాలాఘాట్ జిల్లాలోని కిర్నాపూర్‌గా గుర్తించారు. కాల్చిన ఊళ్ల జాబితాలో వచ్చే అచలపురం మహారాష్ట్రలోని నేటి అచల్‌పూర్, చక్రకూటం బస్తర్ ప్రాంతం. వేంగి నుంచి బస్తర్ అడవుల గుండా పైకి వెళితే బాలాఘాట్ వైపు చేరుకుంటాం, అక్కడి నుంచి పడమటికి తిరిగితే అచల్‌పూర్. పేర్లు ఒక దారిలో వస్తున్నాయి. నేను ఈ దండయాత్రను పూర్తి కల్పన అనుకోకపోవడానికి ఇదొక కారణం. ఉత్తగా గొప్పలు కొట్టే కవి కాశీ, కాంచీ అంటాడు గానీ అడవి దాటాక వచ్చే ఊళ్ల పేర్లు అంత కచ్చితంగా చెప్పడు.

మాన్యఖేటం దోపిడీకి గురైన మాట నిజమే. కానీ అది 972లో, మాళవ పరమార రాజు సీయకుడి చేతిలో. గుణగుడు పోయిన ఎనభై ఏళ్లకు.

అయితే రాష్ట్రకూట కృష్ణుడు చేది దేశపు అంచున ఏం చేస్తున్నాడు? ఇతను అమోఘవర్షుడి కొడుకు రెండో కృష్ణుడు. సుమారు 878లో రాజయ్యాడు. అతని భార్య కలచురి రాజు కోకల్లుడి కూతురు. సంకిలుడు అంటే కోకల్లుడి కొడుకు శంకరగణుడని చరిత్రకారుల అభిప్రాయం. అంటే కృష్ణుడి బావమరిది. సొంత గడ్డ మీద నిలవలేని పరిస్థితి వచ్చి కృష్ణుడు అత్తవారి వైపు వెళ్లాడని, వేంగి సైన్యం అక్కడిదాకా తరుముకుంటూ వెళ్లిందని కథను కూర్చారు.

ఈ కథకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం వేంగిది కాదు, రాష్ట్రకూటులదీ కాదు. కలచురులది. బిల్హరి శాసనం కోకల్లుణ్ని పొగుడుతూ, దక్షిణాన కృష్ణరాజును, ఉత్తరాన భోజదేవుణ్ని తన రెండు కీర్తిస్తంభాలుగా నిలబెట్టాడని అంటుంది. తర్వాతి కలచురి రాజు కర్ణుడి వారణాసి తామ్రశాసనం, కోకల్లుడు అభయమిచ్చినవాళ్లలో వల్లభరాజును చేరుస్తుంది. తమ అల్లుడికి తాము అండగా నిలిచామని కలచురులే చెప్పుకుంటున్నారు. అండ కావాల్సి వచ్చిందంటే ఆపద వచ్చిందనే కదా. ఆ ఆపద వేంగి నుంచి వచ్చిందని వాళ్లు చెప్పరు. ఆ సగం వేంగి శాసనాల్లో దొరుకుతుంది.

రాష్ట్రకూటులు చెప్పే కథ

అవతలివాళ్ల శాసనాలు చదివితే సీను మారిపోతుంది. ధార్వాడ ప్రాంతంలోని శిరూరు శాసనం 866 నాటిది. వంగ, అంగ, మగధ, మాళవ, వేంగి రాజులు అమోఘవర్షుణ్ని కొలిచారని అంటుంది. నాలుగో గోవిందుడి కాలపు తామ్రశాసనాలు ఇంకా ఘోరంగా మాట్లాడతాయి. వింగవల్లి యుద్ధంలో అమోఘవర్షుడు చాళుక్యులను పిండివంటలు చేసి యముడికి వడ్డించాడట. మూడో కృష్ణుడి దేవళి శాసనం 940 నాటిది. అందులో రెండో కృష్ణుడి ఆజ్ఞను ఆంధ్ర, కళింగ, గంగ, మగధ రాజులు తలదాల్చారని ఉంది.

మగధ, అంగ దాకా రాష్ట్రకూటుల ఏలుబడి సాగిందని నమ్మడం కష్టం. కాబట్టి వేంగి పేరు కూడా ఊరికే చేర్చారని కొట్టేయొచ్చా? తొందరపడకూడదు. మగధ దూరం, వేంగి పక్కిల్లు. వింగవల్లి వర్ణన అంత కసిగా ఉందంటే ఏదో పెద్ద యుద్ధమే జరిగి ఉండాలి. వింగవల్లి నేటి కంభం అని కొందరి గుర్తింపు. ఇందులో ఇంకో పీటముడి ఉంది. అమోఘవర్షుడు అరవై ఏళ్లకు పైగా ఏలాడు గనక, అక్కడ ఓడిన చాళుక్యుడు గుణగుడే కానక్కర్లేదు, తాత నరేంద్ర మృగరాజు కూడా కావచ్చు.

ఇప్పుడు తేదీలు వరసగా పేర్చి చూద్దాం. 848లో గుణగుడు రాజయ్యాడు. 866లో వేంగి రాజు కొలుస్తున్నాడని రాష్ట్రకూటుల మాట. సుమారు 878లో అమోఘవర్షుడు పోయి కృష్ణుడు వచ్చాడు. కృష్ణుణ్ని భయపెట్టి కిరణపురం కాల్చామని వేంగి మాట. 892లో గుణగుడి పాలన ముగిసింది. శిరూరు రాయి చెప్పేది అమోఘవర్షుడి కాలం గురించి, కిరణపురం కథ కృష్ణుడి కాలం గురించి. ఇద్దరూ ఒకే సంఘటన మీద తగువులాడుకోవడం లేదు. 44 ఏళ్ల పాలనలో మొదటి ముప్పై ఏళ్లు ఒక రకంగా, చివరి పద్నాలుగేళ్లు ఇంకో రకంగా గడిచాయనుకుంటే రెండు సాక్ష్యాలూ నిలబడతాయి. ‘రట్టేశ సంచోదిత’ను ఆజ్ఞగా తీసుకుంటే అది కూడా మొదటి భాగంలో చక్కగా ఇముడుతుంది. పెద్దాయన ఉన్నంతకాలం తలవంచి, కొడుకు రాగానే తిరగబడ్డాడన్నమాట.

దీనికి ఇంకో ఆనవాలు బిరుదులు. ధర్మవరం శాసనం గుణగుణ్ని వల్లభుడంటుంది. అది రాష్ట్రకూటులు గర్వంగా వాడుకునే బిరుదు. త్రిపురమర్త్యమహేశ్వరుడనే బిరుదును, శివుడు త్రిపురాలను కాల్చినట్టు శత్రుపురాలను కాల్చినందుకు వచ్చిందని వివరిస్తారు. సమస్తభువనాశ్రయుడు అనే బిరుదు కూడా ఉంది. పైన ఒక ప్రభువున్న సామంతుడు ఇలాంటివి పెట్టుకుంటే ఊరుకోరు.

ఈ వివరణను అందరూ ఒప్పుకోరు. దేవళి శాసనంలోని ‘ఆంధ్ర’ మాటను పట్టుకుని, కృష్ణుడు మొదట దెబ్బతిన్నా తర్వాత కోలుకుని వేంగిని లొంగదీశాడనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో పస ఉంది. అయితే ఆ కోలుకోవడం గుణగుడు ఉండగానా, పోయాకా అన్నదగ్గరే పేచీ.

892లో అసలేం జరిగింది?

ఈ పేచీకి అమ్మరాజు శాసనమే కొంత సమాధానం ఇస్తుంది. గుణగుడి విజయాలను ఆకాశానికెత్తిన అదే శాసనం, మరుసటి వాక్యంలోనే, సూర్యుడు అస్తమించాక చీకటి కమ్మినట్టు రట్ట దాయాదుల సైన్యం వేంగి మండలమంతా కమ్మేసిందని ఒప్పుకుంటుంది. ప్రశస్తిలో ఓటమి ఒప్పుకోవడం అరుదు. కాబట్టి ఈ మాటకు విలువ ఎక్కువ. గుణగుడు గెలిచినా రాష్ట్రకూటుల బలం విరగలేదని, అతను కన్నుమూయగానే వాళ్లు వచ్చిపడ్డారని దీన్నిబట్టి చెప్పొచ్చు.

‘దాయాదులు’ అన్న మాట వెనక ఇంటిగొడవ కూడా ఉంది. గుణగుడి తర్వాత రాజ్యం తమ్ముడు విక్రమాదిత్యుడి కొడుకు భీముడికి వచ్చింది. విక్రమాదిత్యుడు యువరాజుగా ఉండగానే పోయాడు. ఇంకో తమ్ముడు యుద్ధమల్లుడు ఉన్నాడు, అతనికీ ఆశ ఉంది. ఈ చీలిక రాష్ట్రకూటులకు బాగా పనికొచ్చింది. తర్వాత కొన్ని తరాలపాటు వేంగి సింహాసనం కోసం ఈ రెండు శాఖలూ కొట్టుకున్నాయి. బెజవాడలో మధ్యాక్కర పద్యాల శాసనం వేయించిన యుద్ధమల్లుడు ఆ రెండో శాఖవాడే. భీముడి పక్షాన నిలిచినవాళ్లలో ముదిగొండ చాళుక్యులు ముఖ్యులు.

చివరగా లెక్కకు సంబంధించిన చిక్కు ఒకటి మిగిలింది. గుణగుడు పోగానే వేంగిని రట్టులు ఆక్రమిస్తే, 892 ఏప్రిల్‌లో భీముడికి పట్టాభిషేకం ఎలా జరిగింది? పట్టాభిషేకం ముందే జరిగిపోయి, దండయాత్ర తర్వాత వచ్చిందని ఒక వాదన. ముందు ఆక్రమణ జరిగి, శత్రువులను తరిమాకే భీముడు పట్టం కట్టుకున్నాడని ఇంకో వాదన. మొదటిది నిజమైతే 892లోంచి 44 తీసే లెక్కకు ఇబ్బంది లేదు. రెండోది నిజమైతే గుణగుడి మరణానికీ, భీముడి పట్టాభిషేకానికీ మధ్య కొన్ని నెలలో, ఏడాదో ఖాళీ వస్తుంది. అప్పుడు 44 ఏళ్లను 892 నుంచి కాకుండా 891 నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. దాంతో గుణగుడి పట్టాభిషేకం, దానితోపాటు అద్దంకి పద్యం తేదీ కూడా 847కు జరుగుతాయి.